పెద్దత్త కళ్ళద్దాలు

నెల్లూరులో చూడదగ్గ స్థలాలేమిటని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ముందు గుండెదడ వస్తుంది, తర్వాత జవాబు వస్తుంది. రంగనాయకుల గుడి, పెన్న ఒడ్డు, ఆనకట్ట, నరసింహకొండ, మైపాడు సముద్రం. ఈ వరసలోనే అవన్నీ మొదటిసారి చూశాను, మూడు రోజుల్లో, పెళ్ళయి రెండేళ్ళు నిండని కొత్త కోడలిగా. అరవైల మొదటి రోజులవి. చూశాననడం కూడా అబద్ధమే. చూసింది మా పెద్దత్త. ఆమె చూపు నా మీద పడకుండా చూసుకోవడమే నేను చేసిన పని.

పెద్దత్త అంటే మా మామకు అక్క. ఉదయగిరి దగ్గర మెట్ట పల్లెలో ఉండేది. పిల్లలు లేరు. మనసులో ఉన్నది నోట్లో నానకుండా అనేసే మనిషి. ఆమె కన్ను మంచిది కాదని ఇంటిల్లిపాదీ నమ్మేవాళ్ళు. ఆమె మెచ్చుకున్న సొరపాదు మర్నాటికి వాడిపోయిందనీ, ఆమె బాగుందన్న ఆవు పాలు ఎగ్గొట్టిందనీ చెప్పుకునేవాళ్ళు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు కదా, మా ఇంట్లో ఆ నరుడు పెద్దత్తే. ఈ మాటలు నేను మొదట్లో నవ్వుతూనే విన్నాను.

నా నవ్వు తొలిసారి నెల తప్పినప్పుడు పోయింది. అప్పుడు మా అత్త పట్టలేని సంతోషంతో వీధి వీధంతా చెప్పింది. ఆ వారంలోనే పెద్దత్త ఏదో పని మీద వచ్చింది. అప్పటికే ఆమె కళ్ళకు పొరలు కమ్మి ఉన్నాయి. మనిషిని పోల్చుకోవాలంటే ముఖం మీద ముఖం పెట్టి చూడాలి. అట్లాగే నా గడ్డం పట్టుకుని, ఊపిరి తగిలేంత దగ్గరగా చూసి, మగబిడ్డేనని తేల్చింది. ఆరో రోజున కడుపు పోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. పొయ్యి దగ్గర మాత్రం మా అత్త తనలో తాను అనుకున్నట్టు, "సగం చూపుకే ఇట్టయితే," అని ఆపేసింది. ఆ ఆగిపోయిన మాట నా చెవిలో ఉండిపోయింది.

ఏడాది తిరిగేసరికి పెద్దత్తకు సగం చూపు పూర్తి చూపయింది. మా మామ పట్టుబట్టి నెల్లూరు ఆస్పత్రిలో ఆమె కళ్ళ పొరలు తీయించాడు. ఆ రోజుల్లో ఆపరేషన్ అయ్యాక తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టేవాళ్ళు. ఆ తర్వాత మా ఇంట్లోనే ఉంది. నెలన్నరకు కళ్ళద్దాలు వచ్చాయి. సోడాబుడ్డి అడుగంత మందం. వాటి వెనక ఆమె కళ్ళు కోడిగుడ్లంత కనిపించేవి. పెట్టుకున్న మొదటి రోజు ఇల్లంతా తిరిగి చూసింది. చేటలో బియ్యపు గింజలు చూసింది, దూలం మీద బల్లిని చూసింది, మా అత్త తల ఇంతగా నెరిసిందా అని నొచ్చుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. నేను నీళ్ళకని పెరట్లోకి పోయాను.

ఎందుకంటే సరిగ్గా ఆ వారమే నాకు మళ్ళీ నెల తప్పింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఇన్నేళ్ళయినా చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఉమ్మడి ఇంట్లో కోడలి నెలసరి రహస్యమేమీ కాదు. మూడు రోజులు పెరటి వసారాలో చాప, చెంబు, పళ్ళెం వేరుగా పెట్టుకుని కూర్చోవాలి. కూర్చోకపోతే ఎందుకు కూర్చోలేదని లెక్క తీస్తారు. అందుకని రాకుండానే వచ్చినట్టు వెళ్ళి కూర్చున్నాను. మూడు రోజులు ఆ చాప మీద పడుకుని, నాలుగో రోజు తలంటుకుని లోపలికి వచ్చాను. అత్తకు చెబితే నోరాగదు, మా ఆయనకు చెబితే వాళ్ళమ్మ దగ్గర దాచలేడు. పెద్దత్త ఊరికి పోయిన మరుక్షణం చెబుదామనుకున్నాను. దేవుడి దగ్గర కూడా అదే ఒప్పందం చేసుకున్నాను.

పెద్దత్త పోతానన్నది. మా మామ పోనివ్వలేదు. ఆయన తాలూకాఫీసు గుమాస్తా. నెల్లూరును మించిన ఊరు లేదని నమ్మిన మనిషి. కళ్ళు వచ్చీ నెల్లూరు చూడకుండా పోతే ఆ కళ్ళెందుకని, మూడు రోజులు సెలవు పెట్టాడు. మూడో రోజు మాఘ పున్నమి పడేట్టు చూసుకున్నాడు. పర్వదినం కాని రోజున సముద్రాన్ని ముట్టుకోకూడదు కదా. పెద్దత్త చెయ్యి పట్టుకుని నడిపించే పని నాకు అప్పజెప్పారు.

మొదటి రోజు రంగనాయకుల గుడికి పోయాం. గాలిగోపురం కింద నిలబడి పెద్దత్త తల వెనక్కి వాల్చి, ఒక్కో బొమ్మనూ వేలు పెట్టి లెక్కపెట్టినంత పని చేసింది. అంతవరకు నాకు బాగానే ఉంది, ఆమె చూపు ఆకాశం వైపు ఉంది గనక. లోపల అద్దాల మండపంలోకి తీసుకుపోయేసరికి నా పని అయిపోయింది. ఎటు తిరిగినా పెద్దత్తే. గోడల మీద, పైకప్పు మీద, అన్నిచోట్లా ఆ లావు అద్దాలు, వాటి వెనక ఆ కళ్ళు. కొంగు నిండుగా కప్పుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె నన్ను నేరుగా కాదు, ఎదుటి అద్దంలో చూస్తూ, ముఖం అంత పాలిపోయిందేమని అడిగింది. ఉపవాసమని చెప్పాను. ఉపవాసానికి అట్లా పాలిపోదే అన్నది. ఇంటికి వచ్చాక దొడ్లోకి పోయి గుప్పెడు ఉప్పు నా చుట్టూ నేనే తిప్పుకుని నూతి గట్టు పక్కన పారేశాను. ఎవరికి వాళ్ళు దిష్టి తీసుకుంటే పోతుందో లేదో నాకు తెలియదు. అడగడానికి మనిషి లేదు.

రెండో రోజు ఆనకట్ట చూసుకుని నరసింహకొండకు పోయాం. కడుపుతో ఉన్నది కొండ ఎక్కకూడదని మా అమ్మ చెప్పగా వందసార్లు విన్నాను. ఎక్కనని అంటే ఎందుకంటారు. ఎక్కాను. ఒక చేత్తో పెద్దత్తను పట్టుకుని, ఇంకో చేయి కొంగు కింద పొత్తికడుపు మీద పెట్టుకుని, ఒక్కో మెట్టుకూ నరసింహస్వామిని తలుచుకుంటూ ఎక్కాను. సగం దూరంలో నడుము దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. పోయినసారి కూడా అక్కడే మొదలైంది. అక్కడే కూలబడ్డాను. మామ, అత్త, మా ఆయన ముందు పోతున్నారు. పెద్దత్త మాత్రం తనకూ ఆయాసంగా ఉందంటూ పక్కన కూర్చుంది.

అక్కడినుంచి కింద పెన్న మొత్తం కనిపిస్తుంది. మాఘమాసంలో ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. అవతలి ఒడ్డున జొన్నవాడ గుడి. పెద్దత్త చాలాసేపు చూసింది. పదేళ్ళుగా పెన్న అంటే తనకు తెల్లగుడ్డ ఆరేసినట్టు కనిపించేదనీ, అందులో ఇన్ని పాయలున్నాయనీ, మనుషులు నడిచిపోతుంటే వాళ్ళకు నీడలుంటాయనీ మరిచేపోయాననీ చెప్పింది. చెబుతూ అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆ ఒక్క నిమిషం నాకు ఆమె మీద జాలి కలిగింది. అద్దాలు మళ్ళీ పెట్టుకోగానే జాలి పోయి భయం వచ్చింది. నొప్పి మాత్రం తగ్గింది. తగ్గిందని నమ్మడానికి నాకు రాత్రంతా పట్టింది.

మూడో రోజు తెల్లవారుజామున గూడుబండి కట్టించారు. మైపాడు అప్పట్లో బస్సెక్కి గంటలో పోయి వచ్చే చోటు కాదు. గడ్డి మెత్తగా పరిచారు గానీ, బండి గుంతలో పడ్డప్పుడల్లా నా ప్రాణం నా గొంతులోకి వచ్చేది. సముద్ర స్నానం నేను ఎట్లా తప్పించుకోవాలో దారంతా ఆలోచించాను. జ్వరం వచ్చినట్టుందని చెప్పాలనుకున్నాను. ఒళ్ళు నిజంగానే వేడిగా ఉంది, భయంతో. నా స్నానం గురించే ఆలోచించాను తప్ప మరొక మనిషి గురించి ఆలోచించలేదు. నేను చేసిన తప్పు అదే.

ఒడ్డున జనం తిరనాళ్ళలా ఉన్నారు. నేను జ్వరమని చెబితే అత్త నా నుదురు పట్టి చూసి, నిజమేలే అని ఒడ్డునే కూర్చోమన్నది. గండం గడిచిందనుకున్నాను. మా ఆయన చొక్కా తీసి నా చేతికిచ్చి నీళ్ళ వైపు నడిచాడు. మామ ఆయన వెనకే పోయాడు. పెద్దత్త నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి అలల్ని చూస్తోంది.

పక్కనే ఇంకో కుటుంబం దిగి ఉంది. వాళ్ళలో ఒక ముసలావిడ, నీళ్ళలోకి పోబోతున్న కొడుకు పంచె అంచు పట్టుకుని ఆపింది.

"యాడికి రా పోతా ఉండావు? పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు సముద్రంలో మునగకూడదని తెలవదా? బిడ్డకు కీడు."

ఆ మాట నాకూ తెలుసు. కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రంలో మునగకూడదు, పీనుగను మోయకూడదు, పచ్చని చెట్టు కొట్టకూడదు. చిన్నప్పటినుంచి విన్నదే. శాస్త్రంలో ఎక్కడుందో, ఏ నెలనుంచి పట్టింపో నాకు తెలియదు. ఆ క్షణాన అవన్నీ ఎవరికి కావాలి? ఆయనకు తెలియదు గనక ఆయన మునగబోతున్నాడు. తెలియకుండా చేసింది నేను. పెద్దత్త కంటినుంచి బిడ్డను దాచబోయి, తీసుకుపోయి సముద్రం నోట్లో పెట్టాను.

లేచి నిలబడ్డాను. ఆయన అప్పటికే మోకాటి లోతు దాటాడు. ఏమండీ అని పిలిచాను. అలల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. గట్టిగా, ఇంకా గట్టిగా అరిచాను. ముగ్గురు నలుగురు మగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, ఆయన తప్ప. ఏమండీ అంటే ఏ మొగుడని తిరుగుతాడు? ఆయన నడుము లోతుకు పోయి, చేతులు జోడించాడు. మునిగే ముందు అట్లా జోడిస్తారు.

అప్పుడు పేరు పెట్టి పిలిచాను. మొగుడి పేరు నోటితో పలకడం అదే మొదటిసారి, నా జీవితంలో అదే ఆఖరుసారి కూడా. ఆ పేరు ఇక్కడా రాయను. ఊరి కోమటి కొట్టులో పద్దు రాయించడానికి కూడా చెప్పని పేరును, మాఘ పున్నమి నాడు, మామగారి ముందు, అంతమంది జనంలో గొంతు చించుకుని అరిచాను.

"మునగొద్దు, నాకు నెల తప్పింది."

ఆయన వెనక్కి తిరిగాడు. తిరిగిన ఆయన వెనక పెద్ద అల లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. గుడిలోనూ కొండ మీదా మూసుకోని కళ్ళు అక్కడ మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నీళ్ళు కారుతూ ఒడ్డుకు పరిగెత్తుకొస్తున్నాడు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుని ఉంది.

తుంపర పడిందంతే అన్నాడు ఆయన. నడుం దాకే తడిసినాడని అత్త అన్నది. మామ అటు తిరిగి నిలబడ్డాడు, కోడలు మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన ఊరికి తాను చెందనట్టు. ఆయన మాట, అత్త మాట నేను నమ్మలేదు. నా కోసం అబద్ధం చెప్పే మనుషులు వాళ్ళు. అక్కడ నిజం చెప్పగలిగింది ఒక్కతే. మనసులో మాట దాచుకోలేనిది, కొత్త కళ్ళతో ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డది. ఆమె వైపు తిరిగాను.

పెద్దత్త కళ్ళద్దాలు తీసేసి ఉంది. వాటిని కొంగులో చుట్టి, రొండిన దోపుకుంటోంది.

బండిలో వచ్చేటప్పుడు ముందు వైపు, మాకు వీపు పెట్టి కూర్చుంది. చివరికి నేనే అడిగాను, అల ఆయన తల మీదుగా పోయిందా పెద్దత్తా అని.

"నాకేం కనపళ్ళా అమ్మా," అన్నది తిరగకుండానే. "అద్దాలు ల్యా గదా."

మర్నాడు పొద్దున్నే ఊరికి బయలుదేరింది. అద్దాలు పెట్టుకోలేదు. గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చింది, గడప తగిలి కాలి బొటనవేలు చితికింది. పోయొస్తానని గోడకు చెప్పింది. ఆమె గురించి మేం ఏమనుకుంటున్నామో ఆమెకు తెలుసునని నాకప్పుడు అర్థమైంది. చెయ్యి పట్టుకుని మెట్లు దించాల్సింది. నేను కదల్లేదు. ఆమె పోతే చాలనుకున్నాను. ఈ మాట రాసేటప్పుడు నా మీద నాకే కోపం వస్తోంది, కానీ జరిగింది అదే.

ఆ తర్వాత ఏడు నెలలు నేను బతికిన బతుకు పగవాళ్ళకు కూడా వద్దు. బిడ్డ ఒక పూట కదలకపోతే సముద్రం గుర్తొచ్చేది. కలలో ఆయన చేతులు జోడించి మునిగేవాడు, నేను పేరు మరిచిపోయేదాన్ని. శ్రీమంతానికి పెద్దత్తను పిలిచాం. రాలేదు, గాజులు పంపింది. కావలిలో మా పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, పాలు తాగింది, బాగుందన్నారు. నాకు మాత్రం నమ్మకం లేదు. చెవుల దగ్గర చిటికెలు వేసి చూశాను, కళ్ళ ముందు దీపం తిప్పి చూశాను. అయిదో నెలలో బిడ్డను నెల్లూరు తెచ్చారు. నేనే మా ఆయనతో పెద్దత్తకు కార్డు రాయించాను.

వచ్చింది. అద్దాలు లేకుండా వచ్చింది. వసారాలో గోడకానుకుని కూర్చుని, చేతులు ముందుకు చాచి, బిడ్డ వీపు నిమిరింది, పాదాలు నిమిరింది, ముఖం మాత్రం ముట్టుకోలేదు. ఎవరి పోలిక అని అడిగింది. నువ్వే చూడు పెద్దత్తా అన్నాను. అద్దాలు తేలేదన్నది. ఉదయగిరి నుంచి ఒక్కతీ బస్సెక్కి వచ్చిన మనిషి అద్దాలు లేకుండా ఎట్లా వస్తుంది? రొండిన కొంగు ముడి ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది.

ఆ ముడి విప్పి నేనే తీశాను. భయం పోయి తీశానని చెబితే అబద్ధం. గుమ్మంలో నిలబడ్డ అత్త వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అయినా ఆమె ముక్కు మీద అద్దాలు పెట్టి, కాడలు చెవుల వెనక సర్ది, బిడ్డను ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. పెద్దత్త చూసింది. ఊపిరి తగిలేంత దగ్గరగా, తాపీగా చూసింది. బిడ్డ ఆ పెద్ద కళ్ళను చూసి నవ్వి, అద్దాలు పట్టుకు లాగింది.

"నిండా మునిగినాడు," అన్నది పెద్దత్త, కళ్ళు బిడ్డ మీదే ఉంచి. "అల నెత్తి మీదనించి మూరెడు ఎత్తున పోయింది. నేను చూసినా."

మరి ఆ రోజు కనపడలేదన్నావే అని అడిగాను.

"ఆ పొద్దు చెప్పుంటే నువ్వు ఆ ఏడు నెలలూ మోసేదానివా మే?"

జీవితంలో నోరు కట్టుకోని మనిషి నా కోసం ఏడాదిగా నోరు కట్టుకుంది. నేను ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టి, పక్కన కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం అత్త ఊరుకోలేదు. ఎందుకైనా మంచిదని ఉప్పు, ఎండుమిరపకాయలు బిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. నేనూ వద్దనలేదు. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. మేమందరం ఊపిరి బిగబట్టి పొయ్యి వైపు చూశాం. ఒక్క క్షణానికి ఘాటు ఇల్లంతా కమ్మింది. అత్త దగ్గింది, నేను దగ్గాను, మా మామ వీధిలోకి పోయి దగ్గాడు. అందరికంటే ఎక్కువ దగ్గింది పెద్దత్తే. కళ్ళనీళ్ళు కారిపోతున్నా ఆమె అద్దాలు మాత్రం తీయలేదు.